ఆశ ఎంత? పట్టు ఎంత?

మన కాలేజీ కబడ్డీ జట్టు స్కోరు పుస్తకం నా దగ్గర ఉంటుంది. నేను ఆడను. ఆడేంత ఒళ్లూ లేదు, అంత దమ్మూ లేదు. ఫస్టియర్‌లో ఉండగా పీడీ సార్ "చేతిరాత బాగున్నవాడెవడ్రా?" అని అడిగితే పక్కనున్న పుణ్యాత్ముడు నా చెయ్యి పట్టుకుని పైకెత్తాడు. అంతే, ఇది మూడో ఏడాది. కూతకి ఎవరు వెళ్లారు, ఎవరు పట్టుబడ్డారు, బోనస్ ఎవరు తెచ్చారు, లోనా ఎన్నో నిమిషంలో పడింది, ఇవన్నీ లాంగ్ నోట్‌బుక్‌లో గళ్లు గీసి రాసిపెట్టడం నా పని.

అందుకని జట్టు గురించి ఎవరికి ఏ సందేహం వచ్చినా నన్నే ఆపి అడుగుతారు. క్యాంటీన్లో, ల్యాబ్ బయట, మెస్ లైన్లో. పోయిన రెండేళ్లూ వాళ్లు అడిగింది "ఈసారైనా గెలుస్తారా మనోళ్లు?" అని. ఈ నవంబరులో ప్రశ్న మారింది. "ఈసారి గెలుస్తామా?" అంటున్నారు. గమనించారో లేదో, "గెలుస్తారా" పోయి "గెలుస్తామా" వచ్చింది. ఎప్పుడూ ఓడిపోయే జట్టుకి అది చిన్న సంగతేం కాదు.

ఈ మార్పుకి నాకు రెండు కారణాలు కనిపిస్తున్నాయి. ఒకటి, అక్టోబరు ఆఖర్లో తెలుగు టైటాన్స్ మన హాస్టళ్లని ఊపేసి వెళ్లింది. రెండు, మన జట్టులోకి ఈ ఏడాది ఓ కొత్త కుర్రాడు వచ్చాడు. రెండూ కలిసి కాలేజీలో ఒక్కసారిగా ఆశ పొంగింది. ఇంటర్ కాలేజియేట్ టోర్నమెంటుకి ఇంకో నెల కూడా లేదు. ఆశ పెట్టుకోవద్దని చెప్పడానికి కాదు నేను ఇది రాస్తున్నది. ఎంత పెట్టుకోవాలి, దేని మీద పెట్టుకోవాలి, ఓసారి లెక్క చూద్దామని.

ముందు పుస్తకం తెరుద్దాం. నాకంటే ముందు రాసిన సీనియర్ అన్న పేజీలతో కలిపి మూడేళ్ల లెక్క ఇది. మొత్తం 8 మ్యాచ్‌లు. గెలుపు ఒకటి. ఆ ఒక్కటీ వాకోవర్. అవతలి జట్టు బస్సు దారిలో ఆగిపోయి వాళ్లు రాలేదు. మనవాళ్లు కోర్టులో వరసగా నిలబడ్డారు, రిఫరీ విజిల్ ఊదాడు, గెలిచాం. ఆ రోజు దిగినన్ని ఫోటోలు ఫ్రెషర్స్ డే రోజున కూడా దిగి ఉండం.

మిగతా 7 మ్యాచ్‌లూ ఓడిపోయాం. ఇంతవరకూ అందరికీ తెలుసు. తెలియంది ఒకటుంది. ఆ 7 మ్యాచ్‌ల్లో 5 మ్యాచ్‌లకి హాఫ్ టైమ్ స్కోరు చూస్తే తేడా 6 పాయింట్లు దాటలేదు. అంటే మొదటి 20 నిమిషాలూ మనం పోటీలో ఉన్నట్టే. ఆట ముగిసేసరికి మాత్రం తేడా 15, 18, 22 అలా ఉంది. మనకి పడిన లోనాలు మొత్తం 13. అందులో మొదటి సగంలో పడ్డవి 2. రెండో సగంలో 11.

ఊళ్లో చెడుగుడు ఆడి పెరిగినవాళ్లకి ఇది ఎలా జరుగుతుందో చెప్పక్కర్లేదు. టీవీలోనే చూసేవాళ్ల కోసం కొంచెం చెబుతాను. క్రికెట్లో ఔటైనవాడు పెవిలియన్‌కి వెళ్లి ప్యాడ్లు విప్పేస్తాడు. కబడ్డీలో ఔటైనవాడు గీత బయట కూర్చుని ఎదురుచూస్తాడు. తన జట్టు అవతలివాళ్లలో ఒకణ్ని ఔట్ చేస్తే, ఇవతల ఒకడు లేచి లోపలికొస్తాడు. ముందు ఔటైనవాడు ముందు రావాలి. బోనస్ పాయింటు తెస్తే స్కోరు పెరుగుతుంది గానీ ఎవరూ లేవరు. మనిషిని ఔట్ చేస్తేనే మనిషి తిరిగొస్తాడు. ఏడుగురూ బయటికెళ్లిపోతే లోనా. అవతలివాళ్లకి అదనంగా 2 పాయింట్లు, మనవాళ్లు ఏడుగురూ మళ్లీ లోపలికి.

ఇప్పుడు ఒకే రైడర్ మీద నడిచే జట్టుని తీసుకోండి. వాడు పట్టుబడ్డాడు, బయట కూర్చున్నాడు. వాణ్ని లోపలికి తేవాలంటే మిగిలిన ఆరుగురిలో ఎవరో ఒకరు అవతల ఒకణ్ని ఔట్ చేయాలి. ఆ ఆరుగురూ ఏడాదంతా "వాడున్నాడులే" అనుకుంటూ ప్రాక్టీసు చేసినవాళ్లు. కూతకి పంపితే బాక్ లైను దాటి, గాల్లో చెయ్యి ఊపి వెనక్కొచ్చేస్తారు. రెండు కూతలు ఖాళీగా వస్తే మూడోది డూ ఆర్ డై. అక్కడ ఒకడు పోతాడు. కాసేపటికి ఇంకొకడు. మొదటివాడు మాత్రం మోకాళ్లు పట్టుకుని చూస్తూ కూర్చుంటాడు. చివరికి లోనా పడ్డాక అందరితో పాటు లోపలికొస్తాడు. మన 11 లోనాల్లో ఎక్కువ ఇలా పడినవే.

మన సీనియర్ రైడర్ అన్న చాలా మంచి ఆటగాడు. జట్టు రైడ్ పాయింట్లలో సగానికి పైగా అతనివే. పోయినేడాది పాసై వెళ్లిపోయాడు. అతను ఉండి కూడా ఎందుకు ఓడిపోయామని అడిగేవాళ్లకి పుస్తకం ఇచ్చే జవాబు ఇదే. అతని మీద ఆనుకుని మిగతా ఆరుగురం నిలబడ్డాం. అతను పక్కకి జరిగిన ప్రతిసారీ అందరం పడ్డాం.

ఇదే కథ పెద్ద తెర మీద చూడాలంటే టైటాన్స్ ఉంది.

2014లో ప్రో కబడ్డీ లీగ్ మొదలైనప్పుడు ఉన్న ఎనిమిది జట్లలో టైటాన్స్ ఒకటి. మొదట్లో బాగానే ఆడేది. 2015లో మూడో స్థానం. 2016లో నాలుగో సీజన్లో సెమీస్ దాకా వెళ్లింది. రాహుల్ చౌదరి కూతకి బయల్దేరితే చిన్నపిల్లలం మేము మంచాల మీద నిలబడేవాళ్లం. తర్వాత జారడం మొదలైంది. 2021-22 సీజన్లో 22 మ్యాచ్‌లు ఆడి 1 గెలిచింది. 2022లో 22 ఆడి 2. 2023-24లో మళ్లీ 22 ఆడి 2. మూడు సీజన్లు వరసగా 12 జట్లలో 12వ స్థానం. 66 మ్యాచ్‌లకి 5 గెలుపులు. మన వాకోవర్‌ని లెక్కలో కలుపుకుంటే శాతంలో మన కాలేజీయే నయం.

ఆ రోజుల్లో సీజన్ వస్తోందంటే అభిమానుల కళ్లన్నీ వేలం మీదే. "ఈసారి ఎవర్ని కొంటున్నారు?" అదొక్కటే మాట. 2019లో సిద్ధార్థ్ దేశాయ్‌ని 1.45 కోట్లకి కొన్నారు. ఆ సీజన్ 11వ స్థానంలో ముగిసింది. 2023 వేలంలో పవన్ సెహ్రావత్‌ని 2.605 కోట్లకి కొన్నారు. అప్పటిదాకా లీగ్‌లో ఏ ఆటగాడికీ అంత ధర రాలేదు. హాస్టల్లో ఆ రాత్రి కప్పు మనదే అన్నంత గొడవ. పవన్ ఆడలేదా అంటే ఆడాడు. జట్టులో అందరికంటే ఎక్కువ పాయింట్లు తెచ్చింది అతనే. అయినా గెలిచింది ఆ 2 మ్యాచ్‌లే. ఎంత పెద్ద రైడరైనా పట్టుబడ్డాక గీత బయట కూర్చోవాల్సిందే కదా. 2.605 కోట్లు పెట్టినా ఆ రూలు మారదు.

2024లో క్రిషన్ కుమార్ హుడా కోచ్‌గా వచ్చాడు. అంతకుముందు దబంగ్ ఢిల్లీకి కప్పు తెచ్చిపెట్టిన కోచ్ అతను. ఆ సీజన్ మధ్యలో పవన్ గాయపడ్డాడు. "ఇక సర్దుకోండి, 12వ స్థానం ఖాయం" అని మా ఫ్లోరులో అందరూ తీర్మానించేశారు. కానీ విజయ్ మలిక్ నిలబడ్డాడు, అతనితో పాటు మిగతావాళ్లూ నిలబడ్డారు. 22కి 12 గెలిచి 7వ స్థానం. ఒక్క స్థానంలో ప్లేఆఫ్స్ తప్పింది. 2025లో పవన్ తమిళ్ తలైవాస్‌కి వెళ్లిపోయాడు. ఆగస్టు 29న విశాఖలో తొలి మ్యాచ్ ఆ తలైవాస్‌తోనే, 3 పాయింట్ల తేడాతో ఓడిపోయాం. అయినా విజయ్ మలిక్ కెప్టెన్సీలో, భరత్ హుడా అండతో జట్టు ప్లేఆఫ్స్‌కి వెళ్లింది. క్వాలిఫయర్ 2 దాకా వెళ్లి పుణేరి పల్టన్ చేతిలో ఓడింది. ఇంకొక్క మ్యాచ్ గెలిస్తే ఫైనల్.

ఆ వారమే మొంథా తుఫాను. మనకి కరెంటు వస్తూ పోతూ ఉంది. ఎవడి ఫోన్లో చార్జింగ్ ఉంటే వాడి మంచం చుట్టూ పదిహేను మంది. బయట చేలల్లో విచ్చిన పత్తి తడిసి ముద్దవుతోందని ఇంటి నుంచి ఫోన్లు. లోపల కూత. ఆ రాత్రులు మన బ్యాచ్ మర్చిపోదు.

స్టార్ వద్దని చెప్పడానికి ఈ కథంతా తవ్వలేదు. స్టార్ బయట కూర్చున్నప్పుడు అతన్ని లేపి లోపలికి తెచ్చేవాళ్లు ఉండాలి. ఆశ పెట్టుకోవాల్సింది వాళ్ల మీద. క్రికెట్ అభిమానులకి కూడా ఇది తెలియని సంగతి కాదు. 2016లో కోహ్లీ ఒక్కడే ఐపీఎల్లో 973 పరుగులు చేశాడు. ఆ ఏడాది ఫైనల్లో బెంగళూరు మన హైదరాబాద్ చేతిలోనే ఓడింది. కప్పు చివరికి 2025 జూన్ 3న, 18వ సీజన్లో, రజత్ పాటిదార్ కెప్టెన్సీలో వచ్చింది. అన్నేళ్లు ఆగిన అభిమానుల ఓపికకి దండం పెట్టాల్సిందే. కాకపోతే ఓపిక ఒక్కటే కప్పు తేలేదు.

ఓపిక గురించి నాకు తెలిసింది కబడ్డీ నుంచి కాదు, మా చేను నుంచి.

మాది పర్చూరు వైపు ఊరు. నాన్న మిర్చి, పత్తి వేస్తాడు. టైటాన్స్ 22కి 1 గెలిచిన ఆ చలికాలమే మా మిరప చేలోకి నల్ల తామర పురుగు దిగింది. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో మిర్చి వేసిన ఇళ్లలో పుట్టినవాళ్లెవరికీ ఆ 2021 చివరి నెలల గురించి విడమర్చి చెప్పక్కర్లేదు. పురుగు పూలలో చేరి రసం పీలుస్తుంది. పూత రాలిపోతుంది, కాయ నిలబడదు. చేను దూరం నుంచి పచ్చగానే కనిపిస్తుంది, దగ్గరికెళ్తే కాయ ఉండదు. మందు మీద మందు కొట్టారు. కొట్టినకొద్దీ ఖర్చు పెరిగింది గానీ పురుగు తగ్గలేదు. చాలామంది చేలు పీకేశారు. మేము రెండెకరాలు పీకాం. సంక్రాంతికి ఇంటికెళ్తే పగలు పీకిన మొక్కల కుప్పలు, రాత్రి టీవీలో టైటాన్స్ ఓటమి. కోవిడ్ వల్ల ఆ సీజనంతా బెంగళూరులో ఒకేచోట, జనం లేకుండా ఆడించారు. ఖాళీ హాల్లో ఓడిపోతున్న జట్టుని మా నాన్న రోజూ చూసేవాడు. ఒక్కరోజు కూడా తిట్టలేదు.

మరుసటేడు మళ్లీ మిరప నారు పోస్తుంటే అడిగాను, "మళ్లీ మిర్చేనా నాన్నా?" అని.

"మిర్చే. కానీ పోయినేటి మాదిరి కాదు" అన్నాడు.

ఏం మార్చాడో చూపించాడు. ఎకరంన్నర తగ్గించాడు. చేను చుట్టూ మొక్కజొన్న వరసలు కంచెలాగా వేశాడు. నీలి రంగు జిగురు అట్టలు కట్టాడు. షాపులో ఏది ఇస్తే అది కలిపి కొట్టడం మానేసి, వ్యవసాయ శాఖ వాళ్లు చెప్పిందే కొట్టాడు. "ఏం మార్చకుండా మళ్లీ ఏస్తే అది సేద్యం కాదబ్బాయ్, లాటరీ టిక్కెట్టు" అన్నాడు.

ఇక్కడితో ఆపితే ఈ కథ నీతికథలాగా ఉంటుంది. కానీ మన ప్రాంతంలో కథలు అంత తేలిగ్గా ముగియవు. పురుగుని తట్టుకున్న రైతుకి ఆ తర్వాత ధర దెబ్బ కొట్టింది. 2025 ఫిబ్రవరికి మిర్చి రేటు ఎంత పడిపోయిందంటే, కేంద్రం జోక్యం చేసుకుని క్వింటాకి 11,781 రూపాయలని ధర ప్రకటించాల్సి వచ్చింది. పంట మంచిగా పండించినవాడూ నష్టపోయాడు. అంటే మార్పు చేసినంత మాత్రాన ఫలితం వస్తుందని రాసిచ్చేవాళ్లు ఎవరూ లేరు. మార్పు చేస్తే ఆశపడే హక్కు వస్తుంది. నేను నాన్న దగ్గర నేర్చుకున్న లెక్క అంతే.

ఆ లెక్కతో మన జట్టుని చూద్దాం. పోయినేడాదికీ ఈ ఏడాదికీ ఏం మారింది?

కోర్టు మారింది. మెకానికల్ వర్క్‌షాప్ వెనక మన కోర్టు నల్లరేగడి నేల. ఎండాకాలం కాలివేళ్లు ఇరుక్కునేంత నెర్రెలు. వాన పడితే బంక. మొంథా తర్వాత పది రోజులు అక్కడ నిలబడటమే కష్టమైంది. మన కవర్ డిఫెండర్ వాళ్ల మామయ్య ట్రాక్టరుతో రెండు ట్రక్కుల ఎర్రమట్టి తోలిపెట్టాడు. జట్టు కుర్రాళ్లే పరిచి, నీళ్లు చల్లి, రోలర్ లాగారు. మ్యాట్ మాత్రం ఇప్పటికీ లేదు. పోయినేడాది టోర్నమెంటు మ్యాట్ మీద జరిగింది. ఏడాదంతా వట్టి కాళ్లతో మట్టిలో ఆడినవాళ్లు ఆ ఒక్కరోజు బూట్లు వేసుకుని మ్యాట్ మీద దిగితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. అందుకని ఈసారి వారానికి రెండు రోజులు బూట్లతో ఆడుతున్నారు, కనీసం కాలికి బరువు అలవాటవుతుందని.

వేళ మారింది. ఇదివరకు సాయంత్రం ప్రాక్టీసు. ల్యాబ్ అయ్యేసరికి 4:40, కాలేజీ బస్సులు 4:50కి కదులుతాయి. డే స్కాలర్లు ముగ్గురు ఎప్పుడూ ఉండేవాళ్లు కాదు. ఈ ఏడాది పొద్దున 5:45కి. ఆ ముగ్గురూ నెల నుంచి హాస్టల్లో ఫ్రెండ్స్ రూముల్లో నేల మీద పడుకుంటున్నారు.

పట్టు మారింది. పోయినేడాది ప్రాక్టీసంటే రైడర్ అన్న కూతకి రావడం, మిగతావాళ్లు వెంటపడటం. ఈసారి పీడీ సార్ మొదటి అరగంట ఎవర్నీ కూతకి పంపడం లేదు. కార్నరూ కవరూ చేతులు పట్టుకుని చైన్ పట్టు. రోజుకి యాభైసార్లు. చూడటానికి పరమ బోరు. ఇన్‌స్టాలో పెట్టడానికి అందులో ఏమీ ఉండదు. కానీ నా పుస్తకంలో తేడా అక్కడే కనిపిస్తోంది.

మారనివి కూడా చెప్పాలి. అటెండెన్సు మారలేదు. జట్టులో ముగ్గురికి 75 శాతం లోపే ఉంది. 65 దాకా అయితే కండొనేషన్ ఫీజు కట్టి గట్టెక్కవచ్చు, అది కూడా దాటితే డిటెండ్. టోర్నమెంటుకి వెళ్లిన రోజులకి ఓడీ రాయించుకోవడానికి ఒక్కొక్కడూ నాలుగు గదులు తిరగాలి. ఫైనలియర్ అన్నకి సరిగ్గా ఆ తేదీల్లోనే ఓ కంపెనీ డ్రైవ్ ఉందని అంటున్నారు. అతను రానంటే ఎవరూ ఏమీ అనలేం, అనకూడదు కూడా.

ఇక కొత్త కుర్రాడు.

డిప్లొమా చేసి లేటరల్ ఎంట్రీలో సెకండియర్‌కి వచ్చాడు. అద్దంకి దగ్గర పల్లెటూరు. సంక్రాంతి పోటీలు ఆడినవాడు. వచ్చిన వారానికి ప్రాక్టీసులో సరదాగా ఓ కూతకి వెళ్లి, ఒకేసారి ముగ్గుర్ని తాకి, మధ్యగీత మీద దూకి పడ్డాడు. ఎవరో అది వీడియో తీశారు. వెనక మ్యూజిక్ పెట్టి, "మన కాలేజీ పవన్ వచ్చేశాడు" అని రాసి వదిలారు. నాలుగు వేల మంది చూశారు. మర్నాటి నుంచి వాడి అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. మెస్‌లో వడ్డించే అంకుల్ కూడా "పవన్‌కి ఇంకో గుడ్డు వెయ్యి" అంటాడు.

అక్టోబరు మొదట్లో పక్క ఊరి డిగ్రీ కాలేజీ జట్టుతో స్నేహపూర్వక మ్యాచ్ ఆడాం. మన గ్రౌండులో ఎన్నడూ లేనంత జనం. అందరూ వాడి కోసమే వచ్చారు. వాడు 14 సార్లు కూతకి వెళ్లాడు. 5 పాయింట్లు తెచ్చాడు, 6 సార్లు పట్టుబడ్డాడు, 3 సార్లు ఖాళీగా వచ్చాడు. ఆరోసారి పట్టుబడ్డప్పుడు గట్టు మీద నుంచి ఎవడో "పవన్ కాదురా, పవర్ కట్!" అని అరిచాడు. గ్రౌండంతా నవ్వింది. మంచి జోకే. ఆ సాయంత్రానికి అది కూడా వీడియో అయింది.

రెండు రోజులు వాడు ప్రాక్టీసుకి రాలేదు. మూడోరోజు రాత్రి మా రూముకొచ్చాడు. నేను లిస్టు రాస్తున్నాను, యూనివర్సిటీకి పంపాల్సిన పన్నెండు పేర్ల లిస్టు. మంచం చివర కూర్చుని చాలాసేపు ఫ్యాన్ వంక చూశాడు.

"అన్నా, అందులో నా పేరు కొట్టెయ్యన్నా" అన్నాడు.

"ఏరా, ఏమైంది?"

"నావల్ల కాదన్నా. గీత దాటగానే అవతల ఏడుగురు కనపడట్లా. గట్టు మీద రెండొందల మంది కనపడుతున్నారు."

నేను పుస్తకం తీసి ఆ మ్యాచ్ పేజీ చూపించాను. "40 నిమిషాల్లో నువ్వు 19 నిమిషాలు బయటే కూర్చున్నావు చూడు. ఆ 19 నిమిషాల్లో మిగతావాళ్లంతా కలిసి తెచ్చింది రెండు రైడ్ పాయింట్లు. ఇందులో నీ తప్పెంత?" అన్నాను.

వాడు పేజీ వంక చూస్తూ, "అసలు నేను రైడర్ని కాదన్నా" అన్నాడు.

"మరి?"

"మా ఊళ్లో నేను లెఫ్ట్ కార్నర్. నాలుగేళ్ల నుంచి అదే. ఇక్కడెవరూ అడగలా. ఆ వీడియో చూసి రైడర్ అనేశారు. నేనూ కాదనలేకపోయా."

నేను రాయడం ఆపేశాను. రెండు నెలలుగా కాలేజీ మొత్తం వాడి మీద ఆశ పెట్టుకుంది. వాడి పేరుతో మీమ్స్ చేసింది, వాణ్ని మోసింది, వాణ్ని తిట్టింది. "నువ్వు ఏ పొజిషన్ ఆడతావ్ రా?" అని అడిగినవాడు ఒక్కడూ లేడు. మనకి స్టార్ రైడర్ కావాలి, కాబట్టి వచ్చినవాడు రైడర్ అయ్యాడు. కోట్లు పెట్టి కొనే పని మనకి లేదు కాబట్టి నాలుగు వేల వ్యూస్‌తోనే కానిచ్చేశాం.

మర్నాడు పొద్దున వాణ్ని పీడీ సార్ దగ్గరికి తీసుకెళ్లాను. సార్ ఏమీ అనలేదు, "పోయి ఎడమ చివర నిలబడు" అన్నాడు. మొదటి కూతకే రైడర్ చీలమండ దొరకబుచ్చుకుని కిందేశాడు. చేతులు అనుకోకముందే వెళ్లిపోయాయి. ఆ నెల రోజుల్లో మేం ఆడిన నాలుగు ప్రాక్టీసు మ్యాచ్‌ల్లో వాడివి 17 ట్యాకిల్ పాయింట్లు. పట్టు దొరికిన ప్రతిసారీ బయట కూర్చున్నవాడు ఒకడు లేస్తున్నాడు. రెండో సగంలో మనకి పడిన లోనాలు నాలుగు మ్యాచ్‌లకి కలిపి 3. ప్రాక్టీసు మ్యాచ్‌లే, నిజమే. కానీ పుస్తకంలో ఇలాంటి అంకెలు నేను ఎప్పుడూ రాయలేదు.

అయినా వాడు ఇంకా పూర్తిగా మాట ఇవ్వలేదు. "గట్టు మీద జనం వస్తే చూద్దాంలే అన్నా" అంటున్నాడు.

కాబట్టి "ఈసారి గెలుస్తామా?" అనేదానికి నా జవాబు ఇది. కప్పు గురించి నన్ను అడగొద్దు. పట్టు గురించి అడగండి. రెండో సగంలో మ్యాచ్‌కి ఒక్క లోనా కంటే ఎక్కువ పడకూడదు. చివరి ఐదు నిమిషాలు మొదలయ్యేసరికి తేడా ఒకే అంకెలో ఉండాలి. ఓడినా ఏడుగురూ ఆడి ఓడాలి. ఇవి జరిగితే మనం మొదటి రౌండు దాటడానికి అవకాశం ఉందని పుస్తకం అంటోంది. దాటకపోయినా, వచ్చే ఏడాది జట్టుకి వాకోవర్ ఫోటో కంటే మంచిది ఒకటి మిగులుతుంది.

"గెలుస్తామా" అన్నవాళ్లని ఒకటి అడగాలని ఉంది. ఆ "మనం"లో మీ వంతు ఏం మారింది? మా నాన్న అడిగే ప్రశ్నే ఇది, మందు కొట్టే పంపు చేతిలో లేనివాళ్లకి కూడా వర్తిస్తుంది. అటెండెన్సు తక్కువున్న ముగ్గురి సెక్షన్లలో మీరుంటే, వాళ్లు టోర్నమెంటుకి వెళ్లిన రోజుల నోట్స్ ఫోటో తీసి పంపండి. రెండో మిడ్స్ ముందు ఓ సాయంత్రం కూర్చోబెట్టి ముఖ్యమైన ప్రశ్నలు చెప్పండి. ఓడీ ఫారం మీద సంతకాలకి తిరగడం సీఆర్‌లు తలుచుకుంటే పది నిమిషాల పని. పొద్దున 5:45కి ఓసారి వర్క్‌షాప్ వెనక్కి రండి. చైన్ పట్టు యాభైసార్లు చూడండి. బోరు కొడుతుంది. అరవాల్సిన చోటు అదే. పట్టు దొరికినప్పుడు అరవండి, కూత కోసం దాచుకోవద్దు. కుర్రాడి అసలు పేరు ఏంటో కనుక్కోండి, ఆ పేరుతో పిలవండి. పవన్ సెహ్రావత్‌కి వదిలేద్దాం పవన్ పేరు.

అమ్మాయిలు కూడా కొందరు వచ్చి "మాకెందుకు జట్టు లేదు?" అని అడుగుతున్నారు. మంచి ప్రశ్న. ఈసారి మన ఎర్రమట్టి కోర్టులోనే మహిళల కోర్టు గీతలు కూడా గీశాం, 12 మీటర్లు, 8 మీటర్లు. గీతలు మాత్రమే ఉన్నాయి ప్రస్తుతానికి. పొద్దునపూట హాస్టల్ గేటు తెరిపించే సంగతి పెద్దలతో మాట్లాడాలి.

లిస్టు ఈ నెల 28న పీడీ సార్ టేబుల్ మీదికి వెళ్తుంది. ఆడటానికి ఏడుగురు చాలు, రాయడానికి పన్నెండు మంది దాకా వీలుంది. పోయినేడాది రాసింది ఎనిమిది పేర్లే. మోకాలు పట్టేసిన ఇద్దరు కూడా రెండో సగమంతా ఆడాల్సి వచ్చింది అందుకే. ఈ రోజుకి తొమ్మిది నిండాయి. ఎనిమిది పెన్నుతో రాశాను, ఒకటి పెన్సిల్‌తో. మిగతా మూడు గీతలు ఖాళీగా ఉన్నాయి. బూట్లు లేకపోయినా ఫర్వాలేదు, పొద్దున లేవగలిగితే చాలు.